తమ్ముడి వేలిముద్ర

ఆదివారం వ్యాసాలు – 23

దళిత కథల్లో అమ్మ పాత్రల గురించి రెండో భాగం ఈ వారం రాస్తానని చెప్పాను. దాన్ని పక్కన పెట్టాను. ఈ వారం మా ఇంటి సంగతి రాస్తున్నా. రెండేళ్ల నుంచి రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్నా. అమ్మని అడిగి రాస్తున్నా. తమ్ముడికి అర్థమయ్యేంత మేరకు వాడికీ చెప్పి రాస్తున్నా.

నాన్న పోయింది 2024 ఫిబ్రవరిలో. పెద్దకర్మ అయిన మూడోరోజు బాబాయి వచ్చాడు. చేతిలో వంద రూపాయల స్టాంపు పేపరు, ఒక ఇంకు ప్యాడు. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నా. లోపలికి వచ్చేసరికి తమ్ముడి బొటనవేలు నల్లగా ఉంది. వాడు నవ్వుతున్నాడు. నాకు వేలు చూపించి "డబ్బులు" అన్నాడు.

మా తమ్ముడికి ఇరవై తొమ్మిదేళ్లు. పుట్టుకతో మేధో వైకల్యం. సదరం సర్టిఫికెట్ మీద 75 శాతం అని ఉంటుంది. వాడికి పదివరకు లెక్క వచ్చు. గేదెకి నీళ్లు పెట్టడం వచ్చు. పాలకేంద్రానికి వెళ్లి క్యాను ఇచ్చి రావడం వచ్చు. ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున్నే వాలంటీరు మిషన్ తెచ్చి వాడి వేలు పెట్టించుకుని పింఛను చేతిలో పెట్టేది. అప్పట్లో 3,000. వాడికి ఈ లోకంలో బాగా తెలిసిన న్యాయం అదొక్కటే. వేలు పెడితే డబ్బులొస్తాయి. అందుకే బాబాయి ఇంకు ప్యాడు తెరవగానే వాడే వేలు చాచాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

ఆ కాగితం ఏంటంటే, మా తాత పేరున ప్రభుత్వం ఇచ్చిన అరవై సెంట్ల డీకేటీ పట్టా భూమిలో నాన్న వాటా మాకొద్దని, మొత్తం బాబాయికే వదిలేస్తున్నామని. తాతకి ఇద్దరూ కొడుకులే. నాన్న వాటా ముప్పై సెంట్లు. నాన్న తర్వాత అమ్మకి, నాకు, తమ్ముడికి తలా పది సెంట్లు. అసైన్డ్ భూమిని అమ్మకూడదని 1977 చట్టం ఉంది కాబట్టి ఇన్నేళ్లూ దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకి అమ్ముకునే హక్కు ఇస్తూ 2023లో మన రాష్ట్రంలో ఆ చట్టాన్ని సవరించారు. దాంతో ఊళ్లో ప్రతి సెంటుకీ ప్రాణం వచ్చింది.

"నువ్వు ఉద్యోగస్తురాలివి, నీకు ఈ చెక్క ఎందుకమ్మాయ్" అన్నాడు బాబాయి.

"తమ్ముడికో బాబాయ్?" అన్నా.

"వాడికి వాటా ఏందమ్మాయ్? వాడేం చేసుకుంటాడు? ఇంత ముద్ద పెడితే సరిపోదా? మేం లేమా పెట్టటానికి?"

అమ్మ సంతకం పెట్టలేదు. నేను పెట్టలేదు. బాబాయి కోపంగా వెళ్లిపోయాడు. కాగితం మంచం మీదే వదిలేశాడు. అది ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. మా తాత ఒక తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి పదకొండేళ్లు ఆసామి ఇంట్లో పాలేరుగా చేశాడని నాన్న చెప్పేవాడు. కాగితం మీద ఏముందో ఆయనకి తెలియదు. ఆయన మనవడిది కూడా ఇప్పుడు ఒక వేలిముద్ర నా దగ్గర ఉంది. ఈసారి ఇంకు ప్యాడు పట్టుకొచ్చింది ఆసామి కాదు, ఆ తాత కొడుకే. ఈ వ్యాసం రాయడం ఇంత కష్టం కావడానికి కారణం అదే.

బాబాయిని దుర్మార్గుడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఆయన భవన నిర్మాణ కూలీ. కూతురు డిగ్రీ చదువుతోంది. నడుం పట్టేసి రెండేళ్లుగా పనికి సరిగ్గా పోలేకపోతున్నాడు. ఆయనన్న మాట గురించే నా బాధ. "వాటా ఎందుకు, ముద్ద చాలదా?" ఈ మాట ఎక్కడో చదివానని ఆ రాత్రంతా అనిపిస్తూనే ఉంది. తెల్లారి లేచి పుస్తకం తీశా. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం, 201వ శ్లోకం. ఆస్తిలో వాటా లేనివాళ్ల జాబితా అక్కడ ఉంది. నపుంసకులు, పతితులు, పుట్టుగుడ్డివాళ్లు, చెవిటివాళ్లు, పిచ్చివాళ్లు, మందబుద్ధులు, మూగవాళ్లు. కులం నుంచి పడిపోయినవాడినీ, చూపులేనివాడినీ ఒకే వరుసలో కూర్చోబెట్టింది. తర్వాతి శ్లోకంలో ఒక దయ కూడా చూపించింది. వీళ్లకి తిండీ బట్టా ఇవ్వాలట. వాటా లేదు, ముద్ద ఉంది.

మా బాబాయి మనుస్మృతి చదవలేదు. ఆయనకి చదువే రాదు. అయినా ఆ మాట ఆయన నోటికి వచ్చింది. మనల్ని ఊరి బయట పెట్టిన గ్రంథం మన ఇంటి లోపల ఎక్కడ కూర్చుందో నాకు ఆ రోజు తెలిసింది. మన ఇళ్లల్లో వైకల్యం ఉన్న పిల్లల విషయానికొస్తే చాలామందిమి ఇంకా ఆ రెండు శ్లోకాల మధ్యే బతుకుతున్నాం.

ఆ శ్లోకం వట్టి పుస్తకంలో ఉండిపోయింది కాదు. బ్రిటిష్ కోర్టులు దాన్ని హిందూ ధర్మశాస్త్రంగా అమలు చేశాయి. 1928లో ఒక చట్టం తెచ్చి వైకల్యాన్ని బట్టి వారసత్వం పోగొట్టే పద్ధతిని తీసేశారు. అయితే పుట్టుకతో మతిస్థిమితం లేనివాళ్లని, మందబుద్ధులని మాత్రం మినహాయించారు. అంటే అప్పట్లో పుట్టి ఉంటే మా తమ్ముడు ఆ చట్టం వచ్చాక కూడా వాటా లేనివాడే. ఆ మిగిలిన అడ్డు కూడా పోయింది 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్‌తో. ఏ జబ్బూ, లోపమూ, అంగవైకల్యమూ వారసత్వానికి అడ్డు కాదని అది చెబుతుంది. ఆ చట్టం హిందూ కోడ్ బిల్లులో ఒక ముక్క. ఆ బిల్లు కోసం బాబాసాహెబ్ 1951లో మంత్రి పదవి వదులుకున్నారు. ఆ రాజీనామా గురించి మనం ఆడపిల్లల హక్కు వరకే మాట్లాడుకుంటాం. దాని చివర్న మా తమ్ముడి పది సెంట్లు కూడా ఉన్నాయి.

(చర్చికి వెళ్లే మన కుటుంబాలకి 1925 భారత వారసత్వ చట్టం ఉంది. అందులోనూ వైకల్యం వారసత్వానికి అడ్డు కాదు. కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతికే మనలో ఏ ఇంటికి ఏ చట్టం వర్తిస్తుందో ఒక లాయర్ని అడిగి తేల్చుకోండి.)

*

అమ్మకి అరవై మూడు. షుగరు. రాత్రిపూట లేచి కూర్చుంటుంది. ఏమ్మా అంటే "ఏం లేదులే" అంటుంది. వైకల్యం ఉన్న బిడ్డ ఉన్న ప్రతి తల్లీ రాత్రిపూట ఏం ఆలోచిస్తుందో నాకు తెలుసు. నేను పోయాక వీడికి ఎవరు? కొంతమంది తల్లులు ఇంకో మాట కూడా అంటారు. "నాకంటే ఒక్కరోజు ముందు వాడు పోతే బాగుండు." మా అమ్మ కూడా ఒకసారి అంది. బిడ్డ చావు కోరుకునే స్థితికి ఒక తల్లిని తెచ్చిన సమాజం మనది. ఆ మాట వింటే చుట్టుపక్కలవాళ్లు అమ్మ ప్రేమకి కన్నీళ్లు పెట్టుకుంటారు. నాకైతే కోపం వస్తుంది. అమ్మ మీద కాదు.

హైదరాబాదులో ఒక ఏసీ హాల్లో ఇదే విషయం మీద జరిగిన సదస్సుకి వెళ్లాను. ఆర్థిక సలహాదారు ఒకాయన చక్కగా చెప్పాడు. వీలునామా రాయండి, ప్రైవేటు ట్రస్టు పెట్టండి, ట్రస్టీలని నియమించండి, అందులో నిధి వెయ్యండి, దాని మీద వచ్చే వడ్డీతో మీ బిడ్డ జీవితాంతం బతుకుతాడు. తప్పు మాట ఒక్కటి లేదు. నేను పక్కన కాగితం పెట్టుకుని లెక్క వేశా. తమ్ముడిని చూసుకునే మనిషికి, మందులకి, తిండికి కలిపి నెలకి పన్నెండు వేలు అనుకుందాం. ఆరు శాతం వడ్డీ మీద అంత రావాలంటే 24 లక్షలు కావాలి. ధరలు పెరగవు అనుకుంటేనే. నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ని. నా జీతంలో ఇరవై నాలుగు లక్షలు ఎప్పటికి పోగవుతాయో లెక్క వెయ్యడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు.

ఆదాయపు పన్నులో వైకల్యం ఉన్నవాళ్లని పోషిస్తున్నందుకు 75,000, వైకల్యం 80 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 1,25,000 మినహాయింపు ఉందని కూడా ఆయన చెప్పాడు. పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకే అది వర్తిస్తుంది. నిజమే, ఉన్నవాళ్లు వాడుకోండి. కానీ పన్ను కట్టేంత ఆదాయం ఉన్నవాడికి దక్కే సాయం అది. మా పల్లెలో చీపురు పట్టే అవుట్‌సోర్సింగ్ మనిషికి దానితో ఏం పని? ఆ మనిషికి కేంద్రం ఇచ్చే వికలాంగ పింఛను వాటా నెలకి 300 రూపాయలు. అదీ దారిద్ర్యరేఖకి దిగువన ఉండి, వైకల్యం 80 శాతం ఉంటేనే. మా తమ్ముడి 75 శాతానికి ఆ మూడు వందలు కూడా లేవు. రాష్ట్రం ఇచ్చే 6,000 మీదే వాడి బతుకు. 2024లో అది మూడు నుంచి ఆరు వేలు అయినప్పుడు అమ్మ ఏడ్చింది. తర్వాత పునఃపరిశీలనకి రమ్మని నోటీసు వచ్చినప్పుడు మళ్లీ ఏడ్చింది. పుట్టుకతో వచ్చినది పోయిందా లేదా అని ముప్పై ఏళ్లకి మళ్లీ చూస్తారట. ఆస్పత్రి వరండాలో పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు వరకు కూర్చున్నాం. తమ్ముడు భయపడి ఒంటికి పోసుకున్నాడు. శాతం మాత్రం మారలేదు.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వైకల్యం ఉన్నవాళ్లు 2.21 శాతం. ఎస్సీల్లో 2.45 శాతం. లెక్క కారణం చెప్పదు. మా అమ్మ చెబుతుంది. నెలలు నిండాక కూడా కలుపుకి పోయింది. నొప్పులొస్తే ఆటో దొరికేసరికి తెల్లారింది. ఆస్పత్రిలో బల్ల మీదికి ఎక్కించేసరికి పది దాటింది. వాడు పుట్టిన చాలాసేపటికి ఏడ్చాడు. ఇంతకంటే ఏ డాక్టరూ మాకు చెప్పలేదు.

*

డబ్బు లేని ఇంట్లో ఆర్థిక ప్రణాళిక అంటే ఏంటో తెలుసా? అక్క.

"నువ్వున్నావు కదమ్మా." ఈ మాట నేను పదేళ్ల వయసు నుంచి వింటున్నా. నాన్న కూడా అదే అనుకున్నాడు. మన ఇళ్లల్లో ట్రస్టు లేదు, నిధి లేదు, పాలసీ లేదు. ఒక ఆడపిల్ల ఉంటుంది. ఆమె చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఆ ఖాతాలో జమ. నాకు మా తమ్ముడంటే ప్రాణం. వాడిని నేనే చూసుకుంటా. కానీ నన్ను ఎవరూ అడగలేదు. అడగకుండా రాసిచ్చిన కాగితం మీద నాది కూడా ఒక వేలిముద్రే.

రెండు సంబంధాలు ఇక్కడే ఆగాయి. ఒకాయన ఉద్యమంలో ఉన్నవాడే. సభల్లో సమానత్వం గురించి బాగా మాట్లాడతాడు. "మీ తమ్ముడు మీతోపాటు వస్తాడా?" అని అడిగాడు. వస్తాడన్నా. "హాస్టల్స్ ఉంటాయి కదా అలాంటివాళ్లకి" అన్నాడు. అలాంటివాళ్లు! మనల్ని ఊరు ఏమని పిలిచేదో మర్చిపోయి మాట్లాడుతున్నాడని చెబుదామనుకున్నా. చెప్పలేదు. టీ ఇచ్చి పంపాం.

నాన్న పింఛను కాగితాలు చూసినప్పుడు ఇంకో దెబ్బ. నాన్న మున్సిపాలిటీలో పర్మినెంటు పారిశుధ్య కార్మికుడు. ముప్పై ఒక్క ఏళ్లు ఊరి మురుగు ఎత్తి సంపాదించిన పింఛను అది. కుటుంబ సభ్యుల వివరాల్లో అమ్మ పేరు ఉంది. నా పేరు ఉంది. తమ్ముడి పేరు లేదు. "వాడి పేరు దేనికి, నీ కూతురికి సంబంధాలు రావు" అని ఫారం నింపిన గుమస్తా అన్నాడని, నాన్న తల ఊపాడని అమ్మ చెప్పింది. నాన్నకి ఆ ఒక్క గడి ఖరీదు తెలియదు. సొంతంగా సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకి తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. 1980 నాటి మన రాష్ట్ర పింఛను నియమాల్లో 50వ నియమం అది. 24 లక్షల నిధి నేను కూడబెట్టలేను. కానీ నాన్న చీపురు దాన్ని ఎప్పుడో కూడబెట్టింది. సిగ్గు దాన్ని పోగొట్టబోయింది. అమ్మ చేత అర్జీ పెట్టించాం, మెడికల్ సర్టిఫికెట్ జతచేశాం. ఏడాది దాటింది. తిరుగుతున్నా.

ఇంట్లో సిగ్గుపడి దాచిన ప్రతి బిడ్డా కాగితంలో కూడా లేకుండా పోతాడు. ఇది మీ ఇంట్లో ఎవరైనా ఉద్యోగస్తులు ఉంటే ఈ రోజే చూడండి.

*

ఇక కాగితాల సంగతి. విద్యార్థులు, కార్యకర్తలు ఇది జాగ్రత్తగా చదవండి. మీ పల్లెలో ఒక ఇంటికైనా పనికొస్తుంది.

పద్దెనిమిదేళ్లు నిండిన రోజుతో చట్టం దృష్టిలో తల్లిదండ్రుల సంరక్షకత్వం అయిపోతుంది. ఇది చాలా ఇళ్లల్లో తెలియదు. బ్యాంకుకి వెళ్లినప్పుడు "మీ అబ్బాయి మేజరు, ఆయన సంతకం కావాలి" అంటే అప్పుడు తెలుస్తుంది. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఈ నాలుగింటికి 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. దాని కింద జిల్లాలో స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. కలెక్టరు స్థాయి అధికారి, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక మనిషి అందులో ఉంటారు. తల్లిదండ్రులు గానీ, బంధువు గానీ, నమోదైన సంస్థ గానీ దరఖాస్తు పెడితే చట్టబద్ధ సంరక్షకుడిని నియమిస్తారు. సివిల్ కోర్టు గడప ఎక్కనక్కర్లేదు. ఆ సంరక్షకుడు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి. ఏటా లెక్క చెప్పాలి. తిన్నా, నిర్లక్ష్యం చేసినా తీసెయ్యవచ్చు. నాకు నచ్చింది ఈ లెక్క చెప్పాలనే మాటే. ముద్ద పెట్టేవాడు ఎవరికీ లెక్క చెప్పడు. వాటాకి కాపలా ఉన్నవాడు చెప్పాలి.

మానసిక అనారోగ్యం వేరు. దాని వైద్యానికి 2017 చట్టం కింద తనకి నచ్చిన మనిషిని నామినేటెడ్ ప్రతినిధిగా ముందే రాసి పెట్టుకునే హక్కు ఉంది. మిగతా వైకల్యాలకి 2016 చట్టం. అది గుర్తించిన వైకల్యాలు 21. ఆ చట్టం 13వ సెక్షన్ వైకల్యం ఉన్న మనిషికి అందరితో సమానంగా చట్టపరమైన సామర్థ్యం ఉందంటుంది. 14వ సెక్షన్ పరిమిత సంరక్షకత్వం గురించి చెబుతుంది. అంటే మొత్తం మనిషిని ఇంకొకరి చేతిలో పెట్టడం కాదు. ఒక ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ మనిషి ఇష్టం తెలుసుకుంటూ ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయం. 1999 చట్టానికీ దీనికీ మధ్య ఘర్షణ ఉంది. నా పక్షం 2016 వైపే. కాగితం మీద నేను తమ్ముడికి సంరక్షకురాలినైనా వాడి తరపున అన్నీ నేనే అనుకునే హక్కు నాకు లేదు. మా తరపున ఎవరో మాట్లాడతామంటే మనం ఎన్ని తరాలు పోట్లాడాం?

అమ్మ పేరున మూడు సెంట్ల ఇల్లుంది. వీలునామా రాద్దామంటే "చావు కాగితం ఇప్పుడే ఎందుకే" అంది. ఆరు నెలలు ఒప్పుకోలేదు. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. అమ్మ సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షులు కావాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయిస్తే తర్వాత గొడవ తగ్గుతుంది. ఆస్తి దక్కేవాళ్లని సాక్షులుగా పెట్టకండి. బ్యాంకు ఖాతాకి నామినీని పెట్టాం కదా చాలు అనుకోకండి. నామినీ డబ్బు తీసుకుని వారసులకి ఇవ్వాల్సిన మనిషి మాత్రమే, సొంతదారు కాదు.

నేషనల్ ట్రస్టులోనే నిరామయ అని ఆరోగ్య బీమా ఉంది. ఆ నాలుగు వైకల్యాల వాళ్లకి ఏడాదికి లక్ష రూపాయల వరకు. యూడీఐడీ కార్డు లేకపోతే ముందు అది చేయించండి, తర్వాతి కాగితాలకి అదే అడుగుతున్నారు.

ఇవన్నీ ఎవరు చేసిపెడతారు అంటే, 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ఎస్సీ, ఎస్టీలకి ఉచిత న్యాయసాయం ఇస్తుంది. వైకల్యం ఉన్నవాళ్లకీ ఇస్తుంది. ఆదాయ పరిమితి లేదు. మా తమ్ముడికి రెండు రకాలుగానూ హక్కుంది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో ఆ ఆఫీసు ఉంటుంది. ఫోన్ నంబరు 15100. లాయరు ఫీజుకి భయపడి ఏ ఇల్లూ ఆగనక్కర్లేదు.

బాబాయి కాగితం సంగతి కూడా వాళ్లనే అడిగా. ఒప్పందంలో ఏముందో గ్రహించలేని మనిషి చేసుకున్న ఒప్పందం 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు. కానీ చెల్లదని కోర్టులో చెప్పడానికి ఒక మనిషి ఉండాలి కదా. ఆ మనిషి లేని ఇళ్లల్లో ఎన్ని వేలిముద్రలు చెల్లిపోయి ఉంటాయో.

*

ఉద్యమానికి ఒక మాట.

మనం కులం పేరుతో ఉన్న సామెతల మీద పోరాడాం. నేనే రెండు వ్యాసాలు రాశా. కానీ ధర్నా చౌక్‌లో మన నినాదం ఏంటి? గుడ్డి ప్రభుత్వం, చెవిటి ప్రభుత్వం. ఎదుటివాడిని విమర్శించాలంటే కుంటి సాకులు. నా పాత వ్యాసాల్లో వెతికితే నావి కూడా దొరికాయి. చూపు లేకపోవడం నేరం కాదు. ప్రభుత్వానికి బాగానే కనిపిస్తుంది, చూడాలనుకోదు అంతే. వైకల్యం మన భాషలో తిట్టుగా ఉన్నంతకాలం మన సభల్లో మా తమ్ముడికి కుర్చీ ఉండదు.

రాజ్యాంగం 41వ అధికరణం వృద్ధాప్యంలో, అనారోగ్యంలో, వైకల్యంలో ప్రజలకి సాయం చెయ్యమని రాజ్యానికి చెబుతుంది. ఆర్థిక స్తోమతని బట్టి అనే మెలిక ఉంది. ఆదేశిక సూత్రం, కోర్టులో అడగలేం. అందుకే వీధిలో అడగాలి. నా డిమాండ్లు నాలుగు. ఆ కేంద్రం వాటా 300 రూపాయలు సిగ్గుచేటు, దాన్ని మార్చాలి. స్థానిక స్థాయి కమిటీ జిల్లా కేంద్రంలో కూర్చోకుండా మండలాలకి రావాలి. ఎస్సీ సబ్‌ప్లాన్ నిధులతో మన కాలనీల్లోనే, పదిమంది కలిసి ఉండే చిన్న ఇళ్లు కట్టాలి, ఊరికి దూరంగా ఆశ్రమాలు కాదు. ఊరి బయట ఉండటం ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. నాలుగోది, అవుట్‌సోర్సింగ్ కార్మికులకి కుటుంబ పింఛను. నాన్న పర్మినెంటు కాబట్టి తమ్ముడికి ఒక ఆశ ఉంది. నాన్నతో అదే మురుగులో దిగిన ఆయన స్నేహితుడు పర్మినెంటు కాదు. ఆయనకీ ఒక కూతురుంది, నడవలేదు.

వ్యక్తిగతంగా కాగితాలు చేసుకోమంటున్నావు, రాజ్యాన్ని అడగమంటున్నావు, ఏది నిజం అని అడుగుతారు. రెండూ. రాజ్యం దిగివచ్చేవరకు అమ్మ షుగరు ఆగదు.

*

జిల్లా కమిటీ ముందుకి పోయిన డిసెంబరులో వెళ్లాం. అక్కడున్న అధికారి నన్ను కాకుండా తమ్ముడిని అడిగాడు, "ఎవరి దగ్గర ఉంటావు బాబూ?" అని. తమ్ముడు అమ్మని చూపించాడు. తర్వాత నన్ను చూపించాడు. ఆగి, తలుపు దగ్గర నిలబడ్డ బాబాయి కొడుకుని చూపించాడు. వాడు పెయింటింగ్ పనికి పోతాడు. మమ్మల్ని బండి మీద రెండు ట్రిప్పులుగా తీసుకొచ్చింది వాడే. తమ్ముడిని రోజూ సాయంత్రం సెంటర్‌కి తీసుకెళ్లి టీ తాగించేది కూడా వాడే. నేను ఎన్నడూ వాడిని లెక్కలో పెట్టలేదు. తమ్ముడు పెట్టాడు.

సంరక్షకురాలిగా నా పేరు వచ్చింది. నా తర్వాత ఎవరనేది రాసుకున్న కాగితంలో వాడి పేరు పెట్టుకున్నాం. వాడిని అడిగే పెట్టాం. వాళ్ల చెల్లెలు తను ఉంటానంది. వద్దన్నా. ఈసారి ఆడపిల్లని కాదు. బాబాయికి ఈ సంగతి తెలుసు. ఏమీ అనలేదు. సంక్రాంతికి ఇంటికి వచ్చి భోంచేసి వెళ్లాడు. ముప్పై సెంట్ల సంగతి ఇంకా తేలలేదు. కూర్చుని మాట్లాడుకుంటాం. అది మాట్లాడుకునేటప్పుడు తమ్ముడు కూడా అక్కడే కూర్చుంటాడు.

ఇప్పుడు రాత్రిళ్లు ఒక నోటుపుస్తకం రాస్తున్నా. తమ్ముడు చారు వేడిగా ఉంటే తినడు. ఉరుములకి భయం. ఫిట్స్ మాత్ర పెరుగన్నంలో కలిపి ఇస్తే తెలుసుకుని ఉమ్మేస్తాడు, చేతిలో పెడితే వేసుకుంటాడు. జుట్టు కత్తిరించేటప్పుడు పాట పెట్టాలి. గేదె కనిపించకపోతే ఏడుస్తాడు. "డబ్బులు" అంటే వాడికి టీ, బన్ను అని అర్థం. నేను లేని రోజున వాడిని చూసుకునే మనిషికి ఇవన్నీ తెలియాలి. నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం నాలుగు వందల పేజీలు. దాన్ని చదివినవాళ్లు పదిమంది ఉండరు. ఈ పుస్తకం ఒక్కరు చదివితే చాలు.

దరఖాస్తు మీద ఆ రోజు తమ్ముడి వేలిముద్ర కూడా తీసుకున్నారు. వాడు వేలు చాచి నా వైపు చూసి "డబ్బులు" అన్నాడు. "కాదురా, ఇల్లు" అన్నా. ఎంత అర్థమైందో తెలియదు. ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు ఆ మాట అంటూ తిరిగాడు.

మీ ఇంట్లో, మీ పక్కింట్లో ఇలాంటి బిడ్డ ఉంటే ఈ వారం ఒక్క పని చెయ్యండి. వాళ్ల కాగితాలు తీయించి చూడండి. ఏ కాగితంలో వాళ్ల పేరు లేదో చూడండి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

వచ్చే ఆదివారం కథల సంగతి.

జై భీమ్.